తవుడుకు కొన్న బిడ్డ

జనవరి పన్నెండు, సోమవారం, పొద్దున్న తొమ్మిదీ ఇరవైకి, మంచు గడ్డకట్టిన మెట్ల మీద నా కూతురు జారిపడింది. పదింటికి బట్ట తడిసింది. నీరు కాదు, నెత్తురు. దానికి ఆరో నెల.

నేనూ నా కూతురూ జర్మనీలోని ఎర్లాంగెన్‌కి, అల్లుడి దగ్గరికి వచ్చి మూడు వారాలే అయింది. ఆడవాళ్ల డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే చూపించుకునే వేళ, ఇంకా దొరకలేదు. అల్లుడు టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ కడుపు మీద యంత్రం పెట్టింది. బిడ్డ గుండె వినబడ్డాక గానీ నేను కుర్చీలో కూర్చోలేదు. రక్తం తీసి పంపారు. కాసేపటికి ఆవిడ తిరిగొచ్చి అల్లుడితో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది.

"ఏటంటంది బాబూ?"

"ఏం లేదు అత్తయ్యగారూ, మీరు టెన్షన్ పడకండి."

"నోరు మూసుకుని కూకోడానికా నన్ను ఇమానం ఎక్కించారు? సెప్పండి."

చెప్పాడు. నా కూతురి రక్తం నెగిటివ్. కడుపులో బిడ్డది పాజిటివ్ అయితే, రెండూ కలిసినప్పుడు బిడ్డ రక్తం మీద తల్లి రక్తం పగబడుతుంది. మొదటి బిడ్డకు మామూలుగా ఏమీ కాదు. ఆ తర్వాత వచ్చేవాళ్ల రక్తాన్ని విరిచేస్తుంది. వాళ్లు కామెర్లతో పుడతారు. పగ పుట్టకముందు ఒక సూది వేస్తే అది పుట్టదు. పుట్టాక వేసి లాభం లేదు.

"ఇంతకుముందు ప్రెగ్నెన్సీ ఉందా అని అడిగారు. ఇదే ఫస్ట్ అని చెప్పేశాను," అన్నాడు.

నా కూతురు గోడవైపు తిరిగింది.

నాకు మొదటి కాన్పు ఈ కూతురే. బతికింది. తర్వాత ఒకటి ఐదో నెలలో జారిపోయింది. ఆ తర్వాత ముగ్గురు. ముగ్గురూ ఒంటికి పసుపు రాసినట్టు పుట్టి, పాలు తాగకుండానే పోయారు. మూడోవాణ్ణి చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టాం. పొరుగావిడ ఎత్తుకుంది. చేటెడు తవుడు పోసి ఆవిడ దగ్గర నా బిడ్డను నేనే కొనుక్కున్నాను. అలా కొన్న బిడ్డ దక్కుతుందని మా వైపు నమ్మకం. వాడూ పోయాడు. నా కడుపు మంచిది కాదన్నారు. మా ఆయనా అన్నాడు.

కూతురు గోడవైపు ఎందుకు తిరిగిందో నాకు తెలుసు. పోయినేడు అల్లుడు ముందుగా ఇక్కడికి వచ్చేశాక దానికి నెల తప్పింది. మూడో నెల వచ్చేదాకా పైకి చెప్పకపోవడం మా ఇళ్లల్లో పద్ధతి. ఆ మూడో నెల రాకుండానే కడుపు పోయింది. తల్లి పోలికే అంటారని, ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. తర్వాత అల్లుడు సెలవుకి వచ్చి వెళ్లినప్పుడు ఈ కడుపు నిలిచింది.

"సెప్పే," అన్నాను.

"అమ్మా, ప్లీజ్."

"నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

నేనే చెప్పాను. "ఇది రెండోది బాబూ. మొదటిది మీకు తెలీకుండానే పోయింది. అప్పుడు సూదీ లేదు, గీదీ లేదు. ముందు ఆ డాక్టరమ్మకి సెప్పండి. నన్ను తిట్టడం తరవాత."

అల్లుడు మంచం వైపు తిరిగాడు. "నాక్కూడా చెప్పలేదేంటి?" అని దాన్ని అడిగాడు.

"నువ్వు మీ అమ్మకి చెప్పేస్తావని," అంది.

అతను వెళ్లి డాక్టరమ్మకు చెప్పాడు. పగ ముందే పుట్టిందో లేదో రక్తంలో చూస్తామని, ఆగమని అన్నారు.

ఆగాం. నేను ఏ దేవుడికీ మొక్కలేదు. మొక్కాల్సినవాళ్లందరికీ నా పిల్లలు పోయినప్పుడే మొక్కేశాను. కూతురి అరికాళ్లు చల్లబడుతుంటే రుద్దుతూ కూర్చున్నాను. నా ముగ్గురినీ చంపింది నా రక్తమేనని ఆ కుర్చీలోనే తెలిసింది.

"ఈ సూది ఎప్పటిది బాబూ?"

ఫోనులో చూశాడు. "పాతదే అత్తయ్యగారూ. మీ చిన్నప్పుడే వచ్చింది."

నా పెళ్లికి ముందే. లోకంలో ఉంది, మా ఊరికి రాలేదు. లేని మందు కోసం ఏడవొచ్చు. ఉన్న మందు కోసం ఎలా ఏడవాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి, పగ ఇంకా పుట్టలేదని చెప్పింది. నర్సు సూది వేసింది. గుక్కెడు నీళ్లు తాగేంత సేపు కూడా పట్టలేదు.

"ఇంతేనా?" అన్నాను. నర్సుకు తెలుగు రాదు. నవ్వి వెళ్లబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

నెత్తురు తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు. ఉంచాలన్నారు.

అప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్లం: మంచం మీద నా కూతురు, దాని చెయ్యి పట్టుకుని అల్లుడు, డాక్టరమ్మ, నర్సు, నేను, ఆడో మగో అడగడానికి మాలో ఎవరికీ ధైర్యం చాలని ఆ బిడ్డ.