గుర్రుగాడి మీద మా నాయన ఫిర్యాదు

నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. తర్వాత చెబితే నవ్వులో కొట్టుకుపోతుంది. అంతమంది జనం మధ్య, పట్టపగలు, మా నాయనను చూస్తూ ఆయనెవరో నాకు తెలియదన్నాను. హిందూపురంలో ఒక బట్టల ఫ్యాక్టరీ ఆఫీసులో కొత్తగా చేరిన రోజులవి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మెడలో గుర్తింపు కార్డు (ఆదివారం కూడా తీసేవాణ్ణి కాదు). ఆ వయసులో నాకు అన్నిటి మీదా కోపమే. బస్సు ఆలస్యమైతే కోపం, మాది ఏ ఊరని ఎవరైనా అడిగితే కోపం, అన్నిటికంటే ఎక్కువగా మా నాయన భుజం మీద ఎప్పుడూ వేలాడే కంబళి మీద కోపం.

నాయనకు గొర్రెలు. పెనుకొండ కొండల వెంబడి మేపుకునేవాడు. నేను పసివాడిగా ఉన్నప్పుడు, ముందు పంకా తిరిగే శిక్షణ విమానం ఒకటి కొండ మీదుగా తలకు తగిలేంత కిందికి వచ్చిందట. మంద బెదిరి చెల్లాచెదురైంది. నాలుగు గొర్రెలు బండ మీద నుంచి పడి చచ్చాయి, సూడి గొర్రెలకు కడుపులు జారిపోయాయి. ఆ విమానానికి నాయన 'గుర్రుగాడు' అని పేరు పెట్టి, తరువాత జీవితమంతా దాన్ని తిడుతూనే ఉన్నాడు. మా ఇంట్లో ఏ కష్టం వచ్చినా వెనక గుర్రుగాడే ఉండేవాడు. (నేను పదో తరగతి లెక్కల్లో తప్పినప్పుడు కూడా, "పిల్లోడు ఆ పొద్దు బెదురుకున్నాడు, బుర్ర ఆడికే నిలిచిపోయింది" అన్నాడు.)

ఎలహంకలో శని ఆదివారాలు పాత యుద్ధ విమానాల ప్రదర్శన ఉందని, ఆఫీసులో నాకు రెండు టికెట్లు ఇచ్చారని ఒక రాత్రి అన్నం దగ్గర గొప్పగా చెప్పాను. నాయన చేతిలోని సంకటి ముద్ద మళ్లీ తట్టలో పెట్టాడు. "పాతవంటే, గుర్రుగాడు కూడా వస్తాడా?" రావచ్చన్నాను. "అట్లయితే నేనూ వస్తా. ఒక మాట అడగాల్సిండాది." ఎవరిని, ఏమి అడుగుతాడో నేను అడగలేదు.

ఆదివారం తెల్లవారి రైలెక్కాం. ఈ ఎండలో ఆ కంబళి ఎందుకని విసుక్కున్నాను. "ఎండకూ ఇదే, వానకూ ఇదే. నీ చొక్కా దేనికి పనికొస్తాదో చెప్పు" అన్నాడు. ప్రదర్శన గేటు దగ్గర కాపలాదారు, పెద్ద మీసాలాయన, కంబళి విప్పించాడు. అందులోంచి బొరుగుల మూట పడింది. తినే వస్తువులు లోపలికి తేకూడదని ఆయన, నా బొరుగులు నా ఇష్టమని నాయన కన్నడంలో కాసేపు పోట్లాడుకుని, చివరికి అక్కడే నిలబడి చెరి సగం తినేశారు. నేను పది అడుగుల దూరంలో ఫోను చూసుకుంటున్నట్టు నటించాను.

లోపల విమానాలు చెవులు చిల్లులు పడేలా ఎగురుతుంటే జనం కేకలు పెడుతున్నారు. నాయన తల కూడా ఎత్తలేదు. జనం ముందుకు పోకుండా కట్టిన తాడు పక్కన కంబళి పరుచుకుని కూర్చున్నాడు. అంతలో ఎక్కడో దూరంగా ఒక గుర్రుమనే చప్పుడు. విమానం ఇంకా కంటికి కనిపించనే లేదు. నాయన చటుక్కున లేచాడు. "వాడే! ఆ గొంతు నాకు తెలుసు!" మైకులో ఆ పాత విమానం ఎందరికో విద్య నేర్పిందనీ, దేశానికి ఎంతో సేవ చేసిందనీ పొగుడుతున్నారు. "మా గొర్ల మీదికొచ్చింది చెప్పరేమప్పా!" అని నాయన మైకు వైపు అరిచాడు. విమానం దిగి మా ఎదురుగా వచ్చి ఆగింది. ఇంజను ఇంకా మోగుతుండగానే పైలట్ పైకి లేచి చెయ్యి ఊపాడు. అందరూ చప్పట్లు. నాయన మాత్రం తాడు కింద నుంచి దూరి అవతలికి పోయాడు.

"దిగినావా? దిగు! కింద ఏముండాదో చూసుకోవా? ఆ కింద మనుషులుండారు, గొర్లుండాయి, సూడి గొర్లు! ఆకాశమంతా ఉండాది గదా నీకు, మా కొండే కావాల్సొచ్చిందా?" పైలట్‌కు అటూ ఇటూగా నా వయసే ఉంటుంది. ఎవరో అభిమాని అనుకుని రెండు చేతులూ జోడించాడు. "దండం వద్దు, జవాబు చెప్పు!" అన్నాడు నాయన.

సరిగ్గా అప్పుడు మా మేనేజరు ఐస్‌క్రీము తింటూ నా పక్కకు వచ్చాడు. "ఎవరప్పా ఆ ముసలాయన? నీ పక్కనే ఉన్నట్టుండె?" ఇంజను చప్పుడులో వినపడాలని గట్టిగా అరిచాను, "తెలీదు సార్! ఎవరో గొర్లాయన!" నేను నోరు తెరిచిన క్షణంలోనే ఇంజను ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో నా మాట ఒక్కటే మిగిలింది. నాయన వెనక్కి తిరిగి చూశాడు.

మీసాలాయన పరుగున వచ్చి నాయన భుజం పట్టుకుని, నీతో ఎవరు వచ్చారని కన్నడంలో అడిగాడు. నాయన నన్ను చూశాడు. "యారూ ఇల్లప్పా. ఒబ్బనే బందె" అన్నాడు. ఎవరూ లేరు, ఒక్కడినే వచ్చానని. మా నాయన తెలుగులో అబద్ధం చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు కన్నడంలో చెప్పాడు.

మీసాలాయన నాయనను గేటు వైపు తీసుకుపోయాడు. నేను మేనేజరు పక్కన నిలబడి ఇంకో గంట ఆకాశం చూశాను. ఏమి ఎగిరాయో ఇప్పటికీ తెలియదు. బయటికి వచ్చేసరికి నాయన వెళ్లిపోయాడు. తిరుగు రైల్లో నేను దిగాల్సిన పెనుకొండ ఎప్పుడు దాటిందో గమనించలేదు, ధర్మవరంలో దిగాను.

మర్నాడు మేనేజరు గదిలోకి వెళ్లి, ఆ గొర్లాయన మా నాయన అని చెప్పాను. ఆయన ఫైలు మూసి, "ఆ పొద్దే చెప్పింటే నేనూ పోయి రెండు మాటలు అడుగుతాంటి కదప్పా. మాది రొళ్ల పక్కన పల్లె. మా తాతకూ గొర్లుండె" అన్నాడు. ఆ మాట ఇంటికి వచ్చి చెబితే నాయన గొర్రె గిట్టలోంచి ముల్లు తీస్తూ తలెత్తలేదు. "నీ మేనేజరుతో నాకేం పని? నేను అబద్ధం చెప్పింది ఆ గేటాయనతో. నా బొరుగులు తిన్నోనితో. నీ వల్ల."

తర్వాతి ఆదివారం మళ్లీ ఎలహంక రైలెక్కాను. ప్రదర్శన లేదు, జనం లేరు, గేటు దగ్గర ఆయన మాత్రం ఉన్నాడు. వచ్చీరాని కన్నడంలో చెప్పాను: ఆ రోజు ఆ పెద్దాయన ఒంటరిగా రాలేదు, నేను ఆయన కొడుకుని, అబద్ధం ఆయనది కాదు, నాది. ఆయన మీసం దువ్వుకుంటూ నా ముఖం చూశాడు. "అది నాకు ఆ రోజే తెలుసు. ఇద్దరి ముక్కులూ ఒక్కటే కదా" అన్నాడు. "మీ నాయనను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చాను. నువ్వు వస్తావేమోనని గంటసేపు పంపించలేదు. నువ్వు రాలేదు."

ఇంటికి వచ్చి, చెప్పొచ్చానన్నాను. "ఏమన్నాడు?" మన ముక్కులు ఒక్కటేనన్నాడని చెప్పాను. నాయన తన ముక్కు తడుముకున్నాడు. వారం తర్వాత మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "పాపం, ఈ ముక్కిచ్చి నీకు శానా అన్యాయం చేసినాన్రా" అని, కంబళి మీద కొంచెం పక్కకు జరిగాడు. నేను కార్డు తీసి జేబులో పెట్టుకుని కూర్చున్నాను.

నాయన ఇప్పుడు లేడు. అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే ఆ గంట గుర్తొచ్చి, మెడలో కార్డు వేసుకున్న ఆ కుర్రవాడి ముఖాన ఒక్కటి ఇవ్వాలనిపిస్తుంది. చెయ్యి లేపుతాను. కొడితే తగిలేది మా నాయన ముక్కుకే కదా అని నవ్వుకుని దించేస్తాను.