ఉమ్మడి ఫోటోలు

అనంతగిరిలో మా ఇంటి కంప్యూటర్‌లో నాకో అకౌంటు, మా ఆవిడకో అకౌంటు ఉన్నాయి. ఫోటోలు ఇద్దరికీ కనిపించాలని అన్నిటినీ ఒకే ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టాను. మర్నాడు చూస్తే, తెగులు పట్టిన కాఫీ ఆకులకు నేను తీసిన ఫోటోలన్నీ మాయం.

"నా ఆకులేవి?" అని కంగారుగా అడిగాను.

"నా అకౌంట్లో సెత్త నేను తుడుసుకున్నాను. మీ అకౌంట్లో మీవి ఉంటాయి కదేటి?" అంది.

ఒకరు తీసేస్తే ఇద్దరికీ పోతాయని చెప్పేసరికి ఆమె బెదిరిపోయింది. ఆమె అకౌంట్లో రీసైకిల్ బిన్ తెరిచాను. ఆకులన్నీ అక్కడే ఉన్నాయి. వాటితోపాటు మా పెళ్ళిలో మా అక్క ఫోటోలూ ఉన్నాయి.

"మా అక్క కూడా సెత్తేనా?"

"పచ్చసీర కదండీ, ఆకనుకున్నాను."

నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. అన్నిటినీ వెనక్కి తెచ్చి, ఆకులను మాత్రం నా అకౌంట్లోనే దాచుకున్నాను.