మామ మోకాళ్లకు పూసుకున్న నూనె

పెళ్లై తిరుపతికి వచ్చాక మొదటి ఎండాకాలమంతా మా మామతో వాదిస్తూనే గడిపాను. వాదన ఒక నూనె గురించి.

బజారు వీధిలో మామకు చిన్న మూలికల అంగడి ఉంది. దాని వెనకే ఇల్లు. వాళ్ల నాయన కాలం నుంచి కీళ్లనొప్పుల నూనె కాచి అమ్ముతున్నారు. ఆ ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. నేను పుట్టిన గూడూరు ఇంట్లో మేమూ ముస్లింలమే అయినా మాది తెలుగే. నాకు ఉర్దూ సరిగా రాదని అత్తా మామా నాతో తెలుగులోనే మాట్లాడేవారు. నేను ఫార్మసీ చదివి, ఊరి బయట ఒక కాలేజీలో ల్యాబ్ పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయన పాకాలలో రైల్వే ఉద్యోగి. డ్యూటీలను బట్టి వచ్చిపోయేవాడు. అందుకని ఇంట్లో ఎక్కువసేపు మేం ముగ్గురమే.

అలిపిరి మెట్లదారిన కొండెక్కి దిగినవాళ్లు పిక్కలు పట్టేసి, కుంటుకుంటూ మా అంగడికి వచ్చేవారు. మామ అరచేతిలో కాస్త నూనె పోసి రాసి చూడమనేవాడు. వాళ్లు రాసుకుని, ఒక్క నిమిషం ఆగి, మొహం అదోలా పెట్టేవారు.

"ఏం తెలీడం లేదే పెద్దాయనా. జిల్లుమని పట్టేది లేదా?"

లేదంటే పక్క అంగడికి పోయేవారు. అక్కడ మూత తీస్తేనే ముక్కు అదిరే సీసాలు వరసగా ఉండేవి.

"పిప్పర్‌మెంట్ పువ్వు కొంచెం కలపండి మామా," అన్నాను ఒకరోజు. మెంథాల్‌ను అంగళ్లలో అలాగే అంటారు. సన్నటి గాజు పుల్లల్లా ఉంటుంది.

"సల్లంగా ఉంటే నొప్పి పొయ్యిందనుకుంటారమ్మా. అది మందు గాదు, మాయ."

"సగం మాయే. సగం కాదు."

ఆ రెండో సగం చెప్పడానికే నా ప్రాణం కొట్టుకుపోయేది. కాలేజీలో మేం చేయించే పని ఒకటుంది. రెండు గాజు గిన్నెల మధ్య పలచటి మేకతోలు బిగించి, పైగిన్నెలో మందు పోసి, కిందిగిన్నెలోకి ఎంత దిగిందో చూస్తాం. ఉత్త మందు పోసినప్పుడు దిగీ దిగనట్టు ఉండేది. అదే మందులో మెంథాల్ కలిపితే అంతే సేపట్లో ఎంతో ఎక్కువ దిగేది. మన తోలు పైపొరలో చచ్చిన కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. వాటి సందుల్లో కొవ్వు ఉంటుంది. మెంథాల్ ఆ కొవ్వును కాసేపు సడలిస్తుంది. ఆ సందులో నుంచి దాని వెంట ఉన్న మందు కూడా లోపలికి పోతుంది. చల్లదనం మనకు తెలుస్తుంది గానీ ఈ పని తెలియదు.

ఇదంతా మామకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన పొట్లం కడుతూ విన్నాడు.

"తోలును దేవుడు అడ్డం పెట్టినాడమ్మా. దాన్ని సడలించేదానికి మనమెవురం?"

"మరి నూనె ఎందుకు రాస్తున్నాం? లోపలికి పోవాలనే కదా!"

ఆయన ఇంకో పొట్లం కట్టడం మొదలుపెట్టాడు. నూనెలో ఏమేం వేస్తారని అడిగితే, "ఆకులేనమ్మా," అనేవాడు. కాచే రోజు నేను కాలేజీకి పోయాకే పొయ్యి వెలిగించేవారు. సాయంత్రం వచ్చేసరికి ఇల్లంతా వావిలాకు వాసన. కోడలినై ఏడాది కావస్తున్నా నాకు చెప్పని మాట ఒకటి ఆ ఇంట్లో ఉందని మనసు నిలిచేది కాదు. చదువుతూ కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఏం చేయాలో తోచేది కాదు. బండి మీద పోతూ కూడా ఆయనకు చెప్పాల్సిన జవాబులు నాలో నేనే అనుకునేదాన్ని.

ఒకనాడు అంగట్లో మనుషులు ఉండగానే మాటా మాటా పెరిగింది. "గమ్మునుండమ్మా," అన్నాడు మామ, మెల్లగానే. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఆ తర్వాత కొన్నాళ్లు అన్నం పెట్టడానికి తప్ప ఆయన ఎదుటికి పోలేదు.

ఒక శనివారం కాలేజీ మధ్యాహ్నానికే వదిలారు. నేను వచ్చేసరికి అంగడి తలుపు సగం మూసి ఉంది. అత్త గడప దగ్గరే నిలబడి ఉంది.

"బిరీన రామ్మా. మీ మామకు ఎండదెబ్బ కొట్టినట్టుండాది. ఏందేందో మాట్లాడతా ఉండాడు."

మామ మంచం మీద కూర్చుని లుంగీ అంచును పీకుతున్నాడు. ఏదో పురుగును ఏరుతున్నట్టు, ఆపకుండా. మొహం ఎర్రగా కందిపోయింది. నుదురు ముట్టుకుంటే కాలుతోంది గానీ అంత ఎండలోనూ చెమట చుక్క లేదు. నీళ్లు కావాలంటాడు, ఇస్తే మింగలేడు. ఎదురుగోడ వైపు చూసి, "ఇంకా తూకం ఎయ్యలేదా?" అని ఎవరినో కసురుకుంటున్నాడు. అక్కడ ఎవరూ లేరు. లేచి బయటికి పోబోతే ఇద్దరం పట్టుకున్నాం. అప్పుడు ఆయన కళ్లు చూశాను. నల్లపాప కన్నంతా నిండి ఉంది.

పట్టుకున్నప్పుడే వాసన తగిలింది. పిప్పర్‌మెంట్.

లుంగీ మోకాళ్ల పైకి లాగాను. రెండు మోకాళ్లకూ ఆముదపాకు చుట్టి, మీద గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ కవరు గట్టిగా కట్టి ఉన్నాయి. మంచం కింద వేడినీళ్ల సంచి పడి ఉంది.

"ఎప్పుడు కట్టుకున్నారు అత్తా?"

"పొద్దన్నే. పువ్వు కలిపిన నూనెంట. నీకు సెప్పొద్దన్నాడు."

"ఆ నూనెలో ఏమేముంటాయి? ఇప్పుడైనా చెప్పండి."

అత్త మామ వైపు చూసింది. ఆయన గోడతో మాట్లాడుతూనే ఉన్నాడు.

"వావిలాకు. ఎల్లుల్లి. నువ్వుల నూనె. ఉమ్మెత్తాకు." తన చేతులు చూసుకుంటూ అంది. "అది నూరిన రోజు నాకు కండ్లు మసకలొస్తాయి. అందుకే చేతికి కవరు కట్టుకుంటా."

ఉమ్మెత్త నొప్పిని మొద్దుబారుస్తుంది, నిజమే. రక్తంలోకి పోతే చేసే పనులన్నీ నా ఎదురుగా మంచం మీద కనిపిస్తున్నాయి. ఇన్నేళ్లూ నూనె చాలావరకు పైపైనే ఉండిపోయింది కాబట్టి ఎవరికీ ఏమీ అయినట్టు తెలియలేదు. మెంథాల్ ఒక్కటే ఇంత చేసిందని అనను. ఆకు, కవరు, కాపడం అన్నీ కలిశాయి.

కట్లు కోసేసి, ఇద్దరం సబ్బుతో ఆయన కాళ్లు కడిగాం. ఆటోలో దారంతా దిగిపోతానని పెనుగులాట. ఆసుపత్రిలో డాక్టరమ్మ పక్షవాతమేమో, స్కాన్ తీద్దామంది. నేను సంగతంతా చెప్పాను. ఆమె టార్చి వేసి చూసింది. పాప ముడుచుకోలేదు.

"ఉమ్మెత్త గింజలు తిని వచ్చినవాళ్లను చూశాను," అంది. "పూసుకున్నవాళ్లను ఇదే చూడటం."

సూదులిచ్చారు, సెలైన్ పెట్టారు. నేను వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. కూర్చోమని అత్త రెండుసార్లు కొంగు పట్టి లాగింది. కూర్చోలేకపోయాను. గుండె లెక్క చూపించే యంత్రం చప్పుడు తలుపు సందులో నుంచి వినబడుతోంది. అది తగ్గిందా లేదా అన్నది తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టుంది. పాకాల నుంచి మా ఆయన వచ్చేసరికి చీకటి పడుతోంది. అప్పటికి మామ లుంగీ పీకడం మానేశాడు.

మరునాడు పొద్దున నన్ను గుర్తుపట్టాడు. నాలుక ఇంకా తడారే ఉంది.

"నువ్వు సెప్పింది నిజమో కాదో సూద్దామని పూసినానమ్మా. సల్లంగా, హాయిగా ఉన్నింది. ఎన్నో ఏండ్ల నొప్పి తెలీనే లేదు. అందుకే ఇంకొంచెం పూసినా."

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "ఉమ్మెత్త ఉందని ఒక్క మాట చెప్పి ఉంటే!"

"మా నాయన ఎవురికీ సెప్పొద్దన్నాడు."

ఇంటికి వచ్చాక ఆయనకు కొత్త దిగులు పట్టుకుంది. జనం ఇళ్లలో జిల్లుమనే బాములు ఉండనే ఉంటాయి. మన నూనె రాసి, దాని మీద బాము రాసి, కాపడం పెడితే? ఇన్నాళ్లూ అలా రాసినవాళ్లు లేరా? అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. తెలిసిన ప్రతి ఇంటికీ తనే పోయి సీసాలు వెనక్కి తెచ్చాడు. ఉన్న నూనెను పెరట్లో లోతుగా గుంట తీసి పూడ్చాం. యాత్రికులు తీసుకుపోయినవాటిని మాత్రం ఏం చేయగలం? ఆ ఆలోచన నాకూ నిద్ర పట్టనిచ్చేది కాదు.

కొత్త నూనె ఇద్దరం కలిసి కాచాం. ఉమ్మెత్త లేదు. పిప్పర్‌మెంట్ పువ్వు, కర్పూరం కలిపి గిన్నెలో పెడితే రెండూ గట్టివే అయినా వాటంతట అవే కరిగి నీరయ్యాయి. అదెప్పుడూ చూడనట్టు అత్త వంగి చూసింది. దాన్ని చల్లారిన వావిలాకు నూనెలో కలిపాం. ఎంత కలపాలో మళ్లీ వాదించుకున్నాం. నేను చెప్పినదాంట్లో సగమే వేయనిచ్చాడు.

కొండ దిగినవాళ్లకు అది నచ్చింది. పాత ఖాతాదారులకు నచ్చలేదు. పోయిన నెల పాకాల వైపు నుంచి ఒక ముసలామె వచ్చింది. ఏళ్లుగా మా నూనే వాడేదట.

"ఇది పన్జెయ్యదబ్బా. ఆ పాతది ఇయ్యి."

"అది ఇప్పుడు లేదమ్మా," అన్నాడు మామ. "ఇది రాసుకో. దీని మీద ఇంకే మందూ పూయొద్దు. కాపడం పెట్టొద్దు. పుండుంటే రాయొద్దు. ఏమన్నా మాత్రలు మింగుతా ఉండావా?"

"నూనె అడిగితే ఇన్ని మాటలా!"

విసుక్కుని, సీసా తీసుకోకుండానే ఆమె మెట్లు దిగింది. మోకాలు పట్టుకుని, ఒక్కో మెట్టూ. ఆ మధ్యాహ్నమంతా మామ ఒకచోట నిలవలేదు. సీసాలు తుడిచాడు, తుడిచినవే మళ్లీ తుడిచాడు. చివరికి నా దగ్గరకు వచ్చి అడిగాడు.

"ఆమెకు నిజంగా పన్జేసేది ఇంకేమన్నా ఉండాదామ్మా? ఏ ముప్పూ లేనిది?"

తెలియదన్నాను. చూద్దామన్నాను. ఆయన స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.