పద్మ పాడుచేయని కంప్యూటర్

పాతికేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లను నేను అంత తేలిగ్గా నమ్మను. నాది మొదటినుంచీ అనుమానపు బుద్ధి. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే, ఇవాళ నీళ్లు ఎక్కువ కలిపాడేమోనని గిన్నెలోకి తొంగిచూసేవాణ్ని.

అప్పుడు మేం చందానగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. మాదాపూర్‌లో బండలు పగలగొట్టి పెద్ద పెద్ద ఆఫీసులు కడుతున్న రోజులవి. ఆ పనులు చేసే ఒక కంపెనీలో నేను స్టోరు చూసేవాణ్ని. నా భార్య పద్మ డిగ్రీ చదివింది. డాక్టర్లు టేపులో చెప్పింది విని టైపు చేసే ఉద్యోగానికి శిక్షణ తీసుకుంటోంది. ఆమె ప్రాక్టీసు కోసమే కంప్యూటర్ కొన్నాం. వచ్చిన రోజే దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. కుచ్చులు పెట్టి గుడ్డ కవరు కుట్టింది. చెప్పులతో ఆ గదిలోకి నన్ను కూడా రానిచ్చేది కాదు.

మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే ఇంటి నంబరు ఎంగేజ్ వచ్చేది. గంట తర్వాత చేసినా ఎంగేజే. అడిగితే, ఇంటర్నెట్‌లో జబ్బుల పేర్లు, మందుల పేర్లు వెతుకుతున్నానంది. ఉన్నది ఒక్క లైను, నెట్ పెడితే ఫోన్ కలవదు. అది నాకూ తెలుసు. తెలిస్తే మాత్రం మనసు ఊరుకుంటుందా? మందుల పేర్లకు ఇంతసేపా?

నెట్‌లో ఎక్కడెక్కడ తిరిగారో కుకీస్ అనే ఫోల్డర్‌లో గుర్తులు మిగులుతాయని మా ఆఫీసు కంప్యూటర్ ఆపరేటర్ మాటల్లో అన్నాడు. అంతే. ఆదివారం పొద్దున పద్మ కూరగాయలకు వెళ్లగానే, చెప్పులు విప్పి మరీ ఆ గదిలో కూర్చున్నాను. వరసగా చిన్న చిన్న ఫైళ్లు. కంప్యూటర్ నా పేరు మీద ఉంది కాబట్టి ప్రతి ఫైలుకూ ముందు నా పేరు, పక్కన సైటు పేరు. అందులో ఒకటి చాటింగ్ సైటు, ముక్కూమొహం తెలియనివాళ్లతో కబుర్లు చెప్పుకునేది. ఒళ్లు మండిపోయింది. నా పేరు పెట్టుకుని ఎవరితో మాట్లాడుతోంది?

అడగలేదు. అడిగితే లేదంటుంది, లేదంటే నేను నమ్మను, ఇంకెందుకు అడగడం అనుకున్నాను. ఫైళ్లన్నీ తీసేశాను. వారం తిరిగేసరికి మళ్లీ వచ్చాయి, ఆ చాటింగ్ సైటుతో సహా. వచ్చే బుధవారమే మాదాపూర్‌లో ఆమెకు ఉద్యోగం టెస్టు. ఉద్యోగం వస్తే రోజూ వెళ్తుంది, నా కంటికి కనపడని చోటికి, నేనెరగని మనుషుల మధ్యకి. రెండో ఆదివారం మళ్లీ కూర్చున్నాను. ఈసారి సిస్టం ఫైళ్లు తెరిచాను. ఇవి తీసేస్తే కంప్యూటర్ నడవకపోవచ్చని అదే హెచ్చరించింది. రెండు తీసేశాను. చెయ్యి వణకలేదు. ఇన్నేళ్లుగా నన్ను భయపెడుతున్నది అదే.

పద్మ వచ్చి ఆన్ చేసింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, ఏదో ఫైలు లేదని.

"జర వచ్చి చూడుండ్రి, ఇది వస్తలేదు."

"నిన్న ఎట్ల బంద్ జేసినవ్?"

"కరెంటు పోయొస్తుండె గద. భయమై స్విచ్చి బంద్ జేసిన."

"గట్ల స్విచ్చి బంద్ జేస్తే లోపలి ఫైళ్లు పోతయ్."

ఆ రోజుల్లో అందరికీ ఆ భయం ఉండేది. అందుకే నా మాట ఇట్టే అతికిపోయింది.

"అయితే నేనే ఖరాబ్ జేసిన్నా?"

"అయిందేదో అయింది. ఇగ ఫికర్ చెయ్యకు."

ఆ మెత్తటి గొంతు నాకెక్కడిది? తిట్టి ఉంటే కనీసం నా మీద కోపమైనా వచ్చేదామెకు.

బుధవారం ఆమె టెస్టుకు వెళ్లలేదు. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌నే ఆగం చేసినదాన్ని, అక్కడ అన్నిటి మధ్య ఏం చేస్తానంది. వెళ్లమని నేను రెండుసార్లు అన్నాను. రెండుసార్లే. తర్వాతి వారం ఆపరేటర్ వచ్చి ఒక్క పూటలో బాగుచేశాడు. పద్మ మళ్లీ దాని ముందు కూర్చోలేదు. గుడ్డ కవరు మాత్రం ఉతికి, ఆరేసి, మళ్లీ తొడిగేది.

కొన్ని నెలలకు నాకూ స్టోరులో కంప్యూటర్ ఇచ్చారు. నేను తప్ప ఎవరూ ముట్టరు. ఒకరోజు దాని కుకీస్ ఫోల్డర్ చూస్తే అదే చాటింగ్ సైటు పేరు. నేనెన్నడూ అక్కడికి వెళ్లలేదు. ఆపరేటర్ నవ్వాడు. వేరే పేజీలో వాళ్ల ప్రకటన ఉంటే చాలట, వెళ్లకపోయినా ఆ ఫైలు వచ్చి కూర్చుంటుందట. ఆమె మందుల పేర్లే వెతికింది. ఆ సాయంత్రమే చెప్పాల్సింది. చెప్పలేదు. సిగ్గా? కాదు, ఆమె నన్నెలా చూస్తుందోనన్న భయం.

మొన్న ఆమె చెల్లెలు వస్తే పద్మ మళ్లీ అదే కథ చెప్పింది. "అంత పెద్ద వస్తువు ఖరాబ్ జేస్తే మీ బావ నన్ను ఒక్క మాట అనలే" అని. నేను పక్కనే టీ తాగుతున్నాను.

మీకు చెప్పాక గుండె కాస్త తేలికైంది. తేలికపడే హక్కు నాకుందో లేదో తెలియదు. ఇది రాస్తుండగానే పద్మ ఫోన్ పట్టుకుని వచ్చింది. ఏదో వంటల పేజీ, కుకీస్ గురించి అడుగుతూ రెండు బటన్లు చూపిస్తోంది.

"మీరే నొక్కుండ్రి. నేను నొక్కితే ఖరాబైతది."

నువ్వే నొక్కు, నువ్వు ఏదీ పాడుచేయలేదు అని చెప్పబోయాను. ఆమె చెయ్యి చాచి నిలబడి ఉంది. ఫోన్ తీసుకుని, నేనే నొక్కి ఇచ్చాను.