తువ్వాలు కింద ఐదు వేళ్లు

డాక్టరు ఇచ్చిన మూర్ఛ మాత్రలను నా అంతట నేనే మానేశాను. ఉదయగిరి అంగళ్ల వీధిలో ఇంత తెలివైన పని ఇంకెవడూ చేసి ఉండడు. అసలు ఆ మాత్రల మీద కూడా బేరమాడిన ఘనుణ్ణి నేను. ఆత్మకూరు డాక్టరు రోజుకు మూడన్నాడు, నేను ఒకటన్నాను, రెండు దగ్గర తెగింది.

మొదటిసారి ఫిట్స్ మా కొట్లోనే, బెల్లం తూస్తుండగా వచ్చింది. ఎదురు కొట్టు మా పెదనాయన కొడుకుది. పరుగున వచ్చి నా చేతిలో ఇనప తాళాల గుత్తి పెట్టాడట. అంతవరకూ మంచిదే. ఆ తర్వాత ఏ గిరాకీ నా కొట్టు మెట్టెక్కినా, తన గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఆ గుత్తిని గలగలలాడించేవాడు. జనం నవ్వేవాళ్లు. వాళ్ల ముందే అతని తల వంచాలని నాకు పట్టుదల.

తొంభైల మొదట్లో, వానల్లేని ఒక ఏడు, అతను బండెద్దులను ఆత్మకూరు సంతకు తోలాల్సి వచ్చింది. అవసరంలో ఉన్నాడు, నలిపేయడానికి అదే అదను. మాత్రలు వేసుకుంటే నాకు మత్తు, బేరంలో ముందు రెప్ప వాల్చినవాడికే నష్టం. అందుకే కొన్నాళ్ల ముందే ఆపేశాను.

మా వైపు పశువుల బేరం నోటితో సాగదు. దళారి ముందు తువ్వాలు కప్పి వేళ్లు పట్టుకోవాలి, ఒక్కో వేలు వెయ్యి. అతను ఐదు అడిగాడు. నేను రెండు పట్టాను.

“ఏందన్నా, ఎద్దులా మేకలా?” అన్నాను, సంతంతా వినేలా.

అతని మొహం వాడింది. నాకు గుర్తున్నది అంతవరకే.

తెలివొచ్చేసరికి నేల మీద ఉన్నాను, నోరంతా రక్తం. ఫిట్స్‌లో నా పిడికిలి అతని వేళ్లన్నిటినీ బిగించి, చిటికెన వేలు విరిచేసిందట. చేయి ఒళ్లో పెట్టుకుని అతను దళారితో అంటున్నాడు: “ఐదూ పట్టినాడు. బేరం అయిపోయినట్టే.”

దళారి తలూపాడు. స్పృహ లేకుండా ఎద్దులు కొన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

డాక్టరు తిట్టలేదు, కాగితం మీద బొమ్మ గీశాడు. మెదడు కణాల మీద చిన్న చిన్న తలుపులు ఉంటాయట. గాబా అనే రసాయనం తాకితే అవి తెరుచుకుని, ఉప్పులో ఉండే క్లోరైడునే లోపలికి వదులుతాయి. దాంతో కణం రేగకుండా అణిగి ఉంటుంది. ఆ తలుపును మరికాస్త సేపు మూతపడనీయకపోవడమే నా మాత్ర చేసే పని. దానికి అలవాటుపడ్డ మెదడు సొంత అదుపును తగ్గించుకుంటుంది. ఉన్నట్టుండి మాత్ర ఆపితే పట్టి ఉంచేది ఏదీ లేక కణాలన్నీ ఒక్కసారే చెలరేగుతాయి.

“నాతో బేరమాడినావు, సరే. మెదడుతో ఆడితే అది తగ్గించదబ్బాయ్,” అన్నాడు.

ఈసారి మూడు మాత్రలకు నోరెత్తకుండా ఒప్పుకున్నాను.

లెక్క తేల్చుకుంటే నా వైపు తెగిన నాలుక, పూర్తి ధర, ఎక్కువైన ఒక మాత్ర. ఎద్దుల్లో ఒకటి కుంటిదని ఇంటికొచ్చాకే తెలిసింది. అతని వైపు, ఇప్పటికీ వంగని చిటికెన వేలు. దాన్ని నా లాభంలో వేసుకోవాలని ఏళ్ల తరబడి చూశాను. కుదరలేదు. దాన్ని విరిచింది అదుపు తప్పిన మెదడు, నేను కాదు. పగ కింద నాకు జమ అయింది సున్నా.