మూడు హార్స్‌పవర్ ప్లేటు, అరవై నాలుగు చుట్లు

బుధవారం పొద్దున పదకొండూ ఇరవై. తెనాలిలో మా వైండింగ్ షాపులో, కొత్తగా తీగ చుట్టిన మోటారుకు కరెంటు ఇచ్చాను. తిరిగింది. తిరుగుతూనే మూలిగింది. ఐదు నిమిషాలు చూసి, మెయిన్ ఆపి, చెయ్యి తిరగేసి వెనకవైపు ఆనించాను. మోటారును అరచేత్తో ముట్టుకోకండి, కరెంటు ఉంటే వేళ్లు ముడుచుకుని దాన్నే పట్టుకుంటాయి. వేడికి నా చెయ్యి చురుక్కుమంది.

మోటారు తాలూకు మనిషి ఎదురుగా స్టూలు మీద ఉన్నాడు. రేపల్లె అవతల రొయ్యల చెరువు చేస్తాడు. నీళ్లు చిమ్మే ఏరేటర్లు అతనికి రెండే. ఒకదాని మోటారు కాలిపోతే సోమవారం నా దగ్గర పడేశాడు. ఆ చిమ్మడంలోనే రొయ్యకు గాలి అందుతుంది. ఆ రోజు మబ్బు. ఎండ లేని రోజు చీకటి పడితే నీళ్లలో గాలి తగ్గిపోతుంది. రెండో ఏరేటర్ తిరగకపోతే తెల్లారేసరికి సరుకంతా పైకి తేలుతుంది.

"ఏంటి బాబాయ్ ఆ మోత?" అన్నాడు.

"కాసేపు నోరుమూసుకుని కూర్చో" అన్నాను. తప్పు నాదైనప్పుడు నాకు కోపం ఎక్కువ.

తప్పేంటో చెబుతాను. యాభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. పాత కాయిల్ పీకేటప్పుడు చుట్లు లెక్కపెట్టి దారానికి ముడులు వేసేవాళ్లం. పదికి పెద్ద ముడి, ఒకటికి చిన్న ముడి. తీగ మందం తెలియడానికి దారం కొసకు పాత తీగ ముక్క కట్టి మేకుకు తగిలించేవాళ్లం. ఏడో క్లాసు చదివిన నా భార్య, వార్నిష్ డబ్బాల మీది రాతలు చూపించి నాకు చదువు నేర్పింది. ఇక నేను ఆగలేదు, ముడులు మానేశాను. ఈ మోటారు ప్లేటు మీద మూడు హార్స్‌పవర్ అని చదివాను, నోటుబుక్కులో మూడుకు రాసుకున్న చుట్లే చుట్టాను. ఎత్తినప్పుడే చేతికి తేలిగ్గా తగిలింది. రాసి ఉన్నది అబద్ధం కాదులే అనుకున్నాను.

నా భార్య వంగి చూసింది. "ఏవండీ, ప్లేటుకు స్క్రూలున్నాయి. కంపెనీ వాళ్లయితే రివెట్లు కొడతారు కదా?"

"ఎక్కడ కొన్నావురా ఇది?" అని అడిగాను.

"బాపట్లలో బాబాయ్, పాత సామాను అమ్మేవాడి దగ్గర. మూడు అనే ఇచ్చాడు."

రెండు హార్స్‌పవర్ మోటారుకు ఎవడో మూడు ప్లేటు బిగించాడు. చుట్లు తక్కువైతే మోటారు కరెంటు ఎక్కువ లాగి కాలుతుంది. అసలు చుట్లెన్నో పాత కాయిల్ చెప్పాలి. దాన్ని పొద్దునే పాతసామాన్లవాడికి వేసేశాను. రొయ్యలాయన స్టూలు మీంచి లేచాడు.

నా భార్య తలుపు వెనక మేకు నుంచి ఒక దారం తీసింది.

"మీరు చదువుకున్నవారు. నేనింకా ముడుల దగ్గరే ఉన్నా. దీని పాత కాయిల్ పీకినప్పుడు వేసినవే ఇవి" అంది.

ఆరు పెద్ద ముడులు, నాలుగు చిన్నవి. అరవై నాలుగు చుట్లు. కొసన తీగ ముక్క.

చుట్టిందంతా పీకేశాం. నేను తీగ చుడుతుంటే ఆమె ఆ చుట్టల్ని మోటారు లోపలి గాళ్లలో దూర్చింది. రొయ్యలాయన చేతికి కత్తెర ఇచ్చి, తీగ ఇనుముకు తగలకుండా గాళ్లలో పరిచే కాగితం కోయమన్నాం.

"వంకరగా కోశావు నాయనా, నీ రొయ్యలే నయం" అంది నా భార్య. అప్పుడు అతను కాస్త నవ్వాడు.

మధ్యాహ్నం నమాజుకు తప్ప లేవలేదు. మూడున్నరకు వార్నిష్ పోసి, లోపల పెద్ద బల్బు పెట్టి ఆరబెట్టాం. ఐదింటికి కరెంటు ఇస్తే మూలుగు లేదు. చెయ్యి వెనకవైపు గోరువెచ్చగా తగిలింది.

"వార్నిష్ లోపలిదాకా ఆరలేదు. ఈ పంట పట్టాక మళ్లీ తీసుకురా, రాలేదో తంతాను" అన్నాను.

మోటారుతో మేమిద్దరం ఆటో ఎక్కబోతుంటే నా భార్య చెప్పులు వేసుకుంది. "నేనూ వస్తా. ముడులు నావి."

మసక చీకటి పడుతుండగా చేరాం. అతని తల్లి గట్టు వెంట టార్చి వేసుకుని తిరుగుతోంది.

"తేలాయా అమ్మా?" అన్నాను.

"ఇంకా లేదయ్యా. త్వరగా కానివ్వండి."

మోటారు బిగించి స్విచ్ వేశాం. చక్రం నీళ్లు చిమ్మింది, తుంపర మా మొహాల మీద పడింది. గంటసేపు గట్టు మీదే కూర్చుని టార్చి వేస్తూ చూశాం. ఒక్క రొయ్యా పైకి రాలేదు. ఆ గట్టు మీద ఉన్నది రొయ్యలాయన, అతని తల్లి, ఆటో నడిపినాయన, నేను, దారం ఇంకా చీర కొంగుకు కట్టుకునే ఉన్న నా భార్య.