మైకు ఆపి చెప్పిన మాట

మా మైకు పెదనాన్న పోయాడు. పోయిన సోమవారం పొద్దున్న నేను పనికి బయలుదేరుతుంటే వాళ్ల కోడలు మా గుమ్మంలోకి వచ్చి, "మీ పెదనాన లెగనేదే అమ్మీ" అంది. అంతే అంది. వంశధార ఒడ్డుకు తీసుకెళ్లేసరికి మధ్యాహ్నమైంది. రిక్షావాళ్లు వచ్చారు, చేపలమ్మేవాళ్లు వచ్చారు, మా టైలరు షాపు మూసుకుని అందరం వెళ్లాం. ఏ కాలేజీ కబుర్లు ఇన్నేళ్లూ ఊరంతా చాటాడో ఆ కాలేజీ నుంచి మాత్రం ఒక్కరూ రాలేదు. వాళ్లకు తెలియలేదేమోలే అంది మా అమ్మ. తెలియకపోవడమేమిటి, శవాన్ని వాళ్ల గేటు ముందు నుంచే మోసుకెళ్లాం.

ఆయన నాకు చుట్టం కాదు. ఒడిశా గుణుపురంలో మా పక్కింటాయన. రిక్షాకు లౌడ్ స్పీకరు గొట్టం కట్టుకుని, కాళ్ల మధ్య బ్యాటరీ పెట్టుకుని వీధులన్నీ తిరిగి చాటడం ఆయన పని. కొత్త సినిమా, పోలియో చుక్కలు, తప్పిపోయిన ఆవు, ఏదైనా చాటేవాడు. కాని కాలేజీ వారోత్సవాలొస్తే మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. నాటకం, క్విజ్, రక్తదానం, హాస్టల్లో సరస్వతీ పూజ, ఏది ఎప్పుడో మా వీధులకు తెలిసేది ఆయన వల్లే. ఆ రోజుల్లో గొంతు దాచుకోవాలని ఇంట్లో ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవాడు. "ఊరందరికీ నాటకం సంగతి సెప్తావు, ఇంట్లో బియ్యం అయిపోనాయని నీకెవులు సెప్పాల?" అనేది పెద్దమ్మ.

బస్టాండు దగ్గర ఒడియాలో చాటేటప్పుడు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివేవాడు. మా తెలుగు వీధుల్లోకి వచ్చేసరికి కాగితం మడిచి జేబులో పెట్టుకునేవాడు.

"బాబులూ, అమ్మలూ, ఇనండి. శనివారం కాలేజీలో కుర్రోల నాటకం. అయిదింటికని రాసేరు, ఆరు దాటితే గానీ మొదలవదు. తిండి పెట్టరు, ఇంటికాడ తినీసి ఎల్లండి. ఆడోలికి ఏరేగా సాపలేసినారు. పిల్లలేడిస్తే బయటికి తెచ్చీయండి, అక్కడికీ ఇనిపిస్తాది. సదువుకున్నోలూ రండి, సదువుకోనోలూ రండి."

ఆ చివరి మాట ఆయనకు ఎవరూ రాసివ్వలేదు. ఎన్నేళ్ల నుంచి కలుపుతున్నాడో కూడా ఎవరికీ తెలియదు.

ఇంకో అలవాటు ఉండేది. ఆసుపత్రి ముందూ, పురిటి ఇళ్ల ముందూ మైకు ఆపేసేవాడు. రిక్షా దిగి, గుమ్మం గుమ్మానికీ నడిచి నోటితో చెప్పి వచ్చేవాడు. "పసిగుడ్డు లెగిసిపోతే తల్లికి మళ్లీ నిద్రుండదు. కాలేజీ ఎక్కడికెల్లిపోద్ది?" అనేవాడు.

చిన్న రైలు నౌపడా నుంచి కూతలు పెట్టుకుంటూ వస్తూ ఉన్న రోజులవి. నేను అప్పటికే టైలరు షాపులో కాజాలు కుడుతున్నాను. బడి నన్ను అయిదో తరగతిలో వదిలేసింది. ఒడియా అక్షరాలు షాపుల బోర్డులు చూసి నేర్చుకున్నాను. తెలుగు, చేతికి దొరికిందల్లా చదివి నేర్చుకున్నాను. ఆ ఏడు వారోత్సవాల్లో వక్తృత్వ పోటీ అని పెదనాన్న చాటాడు. విషయం శ్రమ విలువ. శ్రమ గురించి చెప్పడానికి నా దగ్గర బోలెడంత ఉంది. సూదిలో దారం ఎక్కిస్తూ, కాజా తిప్పుతూ ఆ మాటలన్నీ నోట్లోనే కూడబెట్టుకున్నాను. పోటీకి ముందే పేరివ్వాలంటే గేటు దగ్గరికెళ్లాను.

వాచ్‌మన్ కార్డు అడిగాడు. లేదన్నాను. విద్యార్థి సంఘం సెక్రటరీ వచ్చాడు. మన బజారులో హోల్‌సేల్ షాపాయన కొడుకే.

"ఎవులు సెప్పేరు నీకు రమ్మని?"

"మైకులో సెప్పేరు."

"ఆ ముసలోడు నోటికొచ్చింది వాగుతాడు. ఇది కాలేజీ పిల్లలకి." పక్కనున్నవాడు అందుకున్నాడు. "కాజాల పోటీ పెట్టినప్పుడు కబురెట్టిస్తాంలే."

నవ్వారు. నేను తిన్నగా పెదనాన్న ఇంటికెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని వైరు చుట్టుకుంటున్నాడు.

"ఎందుకబద్ధం సెప్పినావు పెదనానా? నీ మాట ఇని ఎల్లి సిగ్గుతో సచ్చేను."

"కార్డడిగేరా?"

"అడిగేరు."

"నువ్వేటన్నావు?"

"ఏటంటాను, వచ్చీసేను."

ఆయన వైరు చుట్టడం ఆపలేదు. "అబద్ధం కాదే అమ్మీ. ఇంకా నిజమవనేదు, అంతే."

నీ నిజం నువ్వే ఉంచుకో అని చెప్పి వచ్చేశాను.

మర్నాడు రిక్షా మా షాపు ముందుకు వచ్చింది. ఈసారి పెదనాన్న పక్కన సెక్రటరీ కూర్చుని ఉన్నాడు. కాగితంలో లేనిది ఒక్క ముక్క చదివినా ఇక పని ఇచ్చేది లేదని, కాపలాకు ఎక్కాడట. పెదనాన్న కాగితం చదివాడు. పోటీ ఎప్పుడో, ఏ హాల్లోనో, ఎవరు అధ్యక్షులో, అక్షరం పొల్లుపోకుండా చదివాడు. చాప గురించి లేదు, తిండి గురించి లేదు. నేను తలెత్తలేదు. తరవాత టక్కుమని స్విచ్చి ఆపిన చప్పుడు వినిపించింది. చూసేసరికి ఆయన మైకును సెక్రటరీ ఒళ్లో పెట్టి రిక్షా దిగుతున్నాడు. నడిరోడ్డు మీద నిలబడి ఒట్టి గొంతుతో అరిచాడు.

"సదువుకోనోలూ రండి. మాటాడ్డం వస్తే మాటాడండి."

"ఏయ్, అది కాయితంలో నేదు."

"నేదు బాబూ. అందుకే మీ మైకులో సెప్పనేదు. గొంతు నాది."

చేపల గంప దించుకున్న అత్త పకపకా నవ్వింది. పెదనాన్న రిక్షా ఎక్కాడు. పక్క వీధిలో మళ్లీ చదివాడు, మళ్లీ మైకు ఆపాడు, మళ్లీ దిగాడు. మూడో వీధికి సెక్రటరీ దిగిపోయి నడుచుకుంటూ వెళ్లిపోయాడని తరవాత తెలిసింది. వీధి వీధినా నవ్వుతుంటే ఎంతసేపని కూర్చుంటాడు.

పోటీ రోజున గేటు దగ్గర మా షాపు ఆడవాళ్లం, రైసు మిల్లు కూలీలు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, అందరం ఉన్నాం. వాచ్‌మన్ కార్డులు చూపించమన్నాడు. "కార్డునేదు, సేపలున్నాయి, ఇమ్మన్నావేటి?" అంది చేపల అత్త. గొడవ విని ఒక పెద్ద మేడమ్ బయటికి వచ్చింది. మమ్మల్నందర్నీ చూసింది. గేటు తీయమంది. వెనక నిలబడి విన్నాం. శ్రమ చాలా గొప్పదని పిల్లలు ఒకరి తరవాత ఒకరు ఇంచుమించు ఒకే మాట చెప్పారు. అందరూ అయ్యాక, ఇంకెవరైనా ఉన్నారా అని మేడమ్ అడిగింది. అలవాటుగా అడిగిందనుకుంటాను. నేను ముందుకెళ్లాను. వచ్చిన ఒడియాలో మొదలుపెట్టి, అది అయిపోగానే తెలుగులో పడ్డాను.

"ఇంతసేపూ మాటాడినోల సొక్కాలకి కాజాలు కుట్టింది నేను. కాజా ఒక్కటి ఎంతసేపు పడతాదో మీలో ఎవులైనా అడిగేరా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఎవరూ నవ్వలేదు. బహుమతి రాలేదు. నా పేరు ఎవరూ అడగలేదు కూడా. అయినా ఆ హాల్లో నా మాట నేను చెప్పాను.

బయట రిక్షా దగ్గర పెదనాన్న బీడీ కాల్చుకుంటున్నాడు. ఎలా మాట్లాడానో అడుగుతాడనుకున్నాను. "కాలేజీవోల మైకు కుయ్యోమననేదు గదా?" అని అడిగాడు.

తరవాతి ఏడు నుంచి కాలేజీ వాళ్లు క్యాసెట్టు పెట్టారు. ఎవరిదో చదువుకున్న గొంతు, తేనె పూసినట్టుంటుంది. రిక్షాలో మనిషి కూడా అక్కర్లేదు, తొక్కేవాడు చాలు. పెదనాన్నకు ఆ పని పోయింది. మెల్లగా సినిమాల పనీ పోయింది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన మాత్రం పోయిందని ఒక్కరోజూ అనలేదు. క్యాసెట్టు రిక్షా మా వీధుల్లోకి వస్తే చొక్కా తొడుక్కుని, దాని వెనకే నడుచుకుంటూ వచ్చేవాడు. క్యాసెట్టు చెప్పడం అయ్యాక, అది చెప్పనివన్నీ ఆయన చెప్పేవాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఒక్క పైసా ఇవ్వలేదు. ఎందుకు పెదనానా నీకీ తిరుగుడు అంటే, "అది సెప్పీసి ఎల్లిపోద్దే. నన్నైతే ఎవులైనా ఎదురు అడగొచ్చు" అనేవాడు.

వచ్చే వారం మళ్లీ కాలేజీ వారోత్సవాలు. రక్తదానం ఉంది, క్విజ్ ఉంది, వక్తృత్వం ఉంది. ఇది చదివేవాళ్లు ఎక్కడ పనిచేసేవాళ్లయినా సరే, ఏం చదివినా చదవకపోయినా సరే, వెళ్లండి. గేటు దగ్గర ఎవరైనా కార్డు అడిగితే అక్కడే నిలబడండి. నేనూ అక్కడే ఉంటాను.

పోయినేడు వారోత్సవాలకు ముందు ఆయన గొంతుకు జబ్బు చేసింది. డాక్టరు మాట్లాడొద్దన్నాడు, మాట్లాడదామన్నా మాట లేదు. క్యాసెట్టు రిక్షా వచ్చింది, చెప్పాల్సింది చెప్పుకుంటూ మలుపు తిరిగిపోయింది. దాని వెనక కొంచెం దూరంలో పెదనాన్న వచ్చాడు. మెడ చుట్టూ మఫ్లరు, కాళ్లకు హవాయి చెప్పులు. మా షాపు ముందు ఆగాడు. మమ్మల్ని ఒక్కొక్కర్నీ చూశాడు, కాలేజీ రోడ్డు వైపు చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అలాగే ఉంచి, మేం కుట్టుపని పక్కన పెట్టి లేచేదాకా అక్కడే నిలబడ్డాడు.